గొడుగు పెట్టి వెళ్ళినవాళ్ళు

విశాఖలో ఆంత్రోపాలజీ చదివేవాళ్ళందరూ కొండ ఎక్కుతారు. నాలుగో ఏడు ఆనర్సు థీసిస్ అనగానే ఒకరు అరకు, ఒకరు పాడేరు, ఒకరు చింతపల్లి అని పంచుకుని సంచులు సర్దుకుంటారు. నా వంతు వచ్చినప్పుడు నేను దివిసీమ అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా గైడు మేడం నవ్వలేదు గానీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే చీవాట్లు తప్పవని మాకందరికీ తెలుసు.

“దివిసీమలో ఏముందమ్మా?”

“మనుషులున్నారండి.”

ఆ జవాబు కొంచెం పొగరుగానే వచ్చింది. మాది బందరు. ఆచారాలూ పద్ధతులూ అన్నీ కొండల మీదే ఉంటాయనీ, మా వైపు వరి, చేపలు, బస్సులు తప్ప చూడ్డానికేమీ ఉండదనీ అనుకోవడం నాకు మొదటి ఏడు నుంచీ మింగుడుపడేది కాదు. మనం మామూలువాళ్ళం, అవతలివాళ్ళు వింతవాళ్ళు అనుకోవడానికి నాలుగేళ్ళ చదువెందుకు? అది చదువుకోకుండానే వస్తుంది.

“ఏ విషయం మీద రాస్తావు?”

“ఒక లంకకి వెళ్ళే పంటు ఎవరి కోసం ఆగుతుంది, ఎవరి కోసం ఆగదు అన్నదాని మీదండి.”

“అది థీసిస్ అవదు. పేపరుకి రాసే ఫిర్యాదు అవుతుంది” అన్నారు మేడం.

ఆ లంక పేరు నేను థీసిస్‌లో మార్చి రాశాను, ఇక్కడ అసలు రాయను. నాగాయలంక దాటి ఇంకొంచెం కిందకి, కృష్ణ సముద్రంలో కలవబోయే చోట అలాంటి లంకలున్నాయి. రెండు పడవల మీద బల్లలు పరిచి, ఇంజను బిగించి, చుట్టూ ఇనప కమ్మీలు పెడితే అది పంటు. మనుషులు, మోటారు సైకిళ్ళు, గ్యాసు బండలు, ఐసు నింపిన చేపల పెట్టెలు అన్నీ దాని మీదే దాటాలి. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో స్నేహితురాలి అక్క సీమంతానికని మొదటిసారి దాన్ని ఎక్కాను. సాయంత్రం ఆఖరి ట్రిప్పు. ఇంజను ఆడుతోంది, జనం ఎక్కేశారు, పంటు మాత్రం కదలదు. ఎవరూ విసుక్కోవడం లేదు. పల్లీలు వలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. బందరు బస్టాండులో బస్సు కాస్త ఆలస్యమైతే డ్రైవరు వంశాన్నంతా ఏకిపారేసే జాతి మాది. నేను ఊరుకోలేక పక్కనున్న ఆవిడని ఎందుకు ఆగిందని అడిగాను. ఆవిడ పంటు నడిపే సరంగు గదిలోకి వేలు చూపించింది.

“సిస్టరు గారి గొడుగు ఇంకా ఇక్కడే ఉంది కదమ్మా.”

గదిలో మేకులు వరసగా కొట్టి ఉన్నాయి. ఒక మేకుకి నల్ల గొడుగు వేలాడుతోంది. సంగతేమిటంటే, పొద్దున లంక నుంచి ఇవతలి ఒడ్డుకి వచ్చినవాళ్ళు, సాయంత్రం ఆఖరి పంటుకి తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు, తమ వస్తువు ఏదో ఒకటి ఆ గదిలో వదిలి వెళ్తారు. తువ్వాలు, కూరల సంచి, చెప్పులు, ఏదైనా సరే. సాయంత్రం ఎక్కగానే ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. మేకుకి వస్తువు మిగిలి ఉన్నంతసేపూ పంటు కదలదు. తగిలించింది చెప్పులైనా ‘గొడుగు పెట్టాను’ అనే అంటారు. వర్షం లేని కాలంలో కూడా అదే మాట. గొడుగు పెట్టనివాళ్ళు ఒడ్డున పరిగెత్తుకుంటూ వచ్చి కేకలు వేసినా ఆగదు. ఆగడం ఊరికే అయ్యే పని కూడా కాదు. పాటు మొదలై నీళ్ళు సముద్రంలోకి లాగేస్తే పంటు బురదలో కూరుకుపోతుంది, మగాళ్ళంతా దిగి నెట్టాలి. అయినా ఆగుతుంది. ఒక గొడుగు ఇంతమందిని నిలబెట్టగలిగిందంటే దానికి మించిన విషయం నాకు కొండల మీద కనిపించలేదు.

మేడం చివరికి కళ్ళజోడు పెట్టుకున్నారు. “సరే. వేసవి సెలవులకి ముందు పూర్తి డ్రాఫ్టు నా బల్ల మీద ఉండాలి. లేకపోతే మూడేళ్ళ డిగ్రీ పట్టా పుచ్చుకుని ఇంటికి వెళ్తావు. ఆనర్సు ఉండదు.”

ఆనర్సు లేకపోతే నా గతేమిటో ఇంట్లో ముందే నిర్ణయమైపోయింది. మా ఇంట్లో బీఈడీ అంటే చదువు కాదు, అన్నప్రాశన లాంటిది, అందరికీ అవుతుంది. అమ్మ టీచరు, పిన్ని టీచరు, గుడివాడ మేనత్త రిటైరైన ఇంగ్లీషు టీచరు. నాన్న ఒక్కరే తప్పించుకుని సర్కారీ ఆఫీసులో గుమాస్తా అయ్యారు. ఆయన నా మాట విని పేపరు మడిచి పక్కన పెట్టారు.

“ఆగిన పడవ గురించి రాయడానికి నువ్వొక ఏడాది ఆగడం ఎందుకమ్మా? డ్రాఫ్టు అవకపోతే బీఈడీలో చేరతానని మాటివ్వు, వెళ్ళు.”

మాటిచ్చాను. ఇచ్చాక ఒళ్ళు మండింది, కానీ ఇచ్చాను.

బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక, అక్కణ్ణించి ఆటో, ఆ తర్వాత పంటు. గొడుగు గల సిస్టరు గారే తన క్వార్టర్సు ముందుగదిలో నాకు చోటిచ్చారు. ఆవిడ ఆ లంకకి ఏఎన్‌ఎం. టీకాలు, కాన్పులు, జ్వరాలు అన్నీ ఆవిడే చూడాలి. కష్టమైన కేసు వస్తే వెంటబెట్టుకుని అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్ళాలి. ఆవిడ గొడుగు అందరికంటే ఎక్కువసార్లు మేకున ఉండిపోయేది అందుకే.

క్లాసులో నేర్పింది నేర్పినట్టు చేశాను. డిపార్టుమెంటు ఐడెంటిటీ కార్డు మెళ్ళో వేసుకున్నాను, వాచీ పెట్టుకున్నాను, పెద్ద రూళ్ళ పుస్తకం పట్టుకుని రేవులో నిలబడ్డాను. సాయంత్రం పంటు ఠంచనుగా టైముకి బయలుదేరింది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. ఒడ్డున మనుషులు చేతులూపుతున్నా, గదిలో రెండు సంచులు వేలాడుతున్నా సరంగు తాడు విప్పించేశాడు. అడిగితే ఎంతో మర్యాదగా జవాబు.

“మేం టయానికే వెళ్తామండి. ఆగేదేం లేదండి. రూలంటే రూలేనండి.”

ఇన్ని అండీలు ఒకేసారి వినపడితే ఏదో తేడా ఉందని బందరు పిల్లకి తట్టాలి. నాకు తట్టలేదు. వేచి ఉండటం మీద రాయడానికి వచ్చిన దాన్ని, అసలెవరూ ఎవరి కోసం ఆగడం లేదని పేజీల కొద్దీ రాసుకుంటూ కూర్చున్నాను. నేను చూసిందంతా కలా అని బెంగ కూడా పుట్టింది.

రెండో వారంలో సిస్టరు గారు ఒక గర్భిణీని తీసుకుని అవనిగడ్డ వెళ్ళారు. తిరిగి రేవుకి వచ్చేసరికి పంటు వెళ్ళిపోయింది. ఆవిడ గొడుగు ఆవిడ లేకుండానే లంకకి చేరింది. ఆవిడ నాగాయలంకలో తెలిసినవాళ్ళింట పడుకుని, పొద్దున మొదటి ట్రిప్పుకి వచ్చి, నేను పళ్ళు తోముకుంటుండగా గుమ్మంలో నిలబడ్డారు.

“అమ్మాయ్, నీ మెళ్ళో ఆ కార్డు తీసి లోపల పెట్టు ముందు. నిన్ను ఆఫీసు మనిషనుకుంటన్నారు.”

అప్పుడు తెలిసింది. రేవు హక్కులకి వేలంపాట దగ్గరికొస్తోంది. పంటు టైముకి నడవడం లేదని ఎవరో అర్జీ పెట్టారని, దాని మీద విచారణకి పైనుంచి ఒక మేడం వచ్చిందని, ఆ మేడం వాచీ చూసి రాసుకుంటోందని లంకంతా కోడై కూసింది. నన్ను అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. విచారణకి వచ్చినవాళ్ళని నువ్వు విచారణకి వచ్చావా అని అడగడం మా వైపు మర్యాద కాదు. కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు, టైముకి పంటు నడుపుతారు. నాకోసం ఊరు ఊరంతా క్రమశిక్షణగా ఉంటూ నానా అగచాట్లూ పడుతోంది.

ఆ రోజే మా గైడు మేడం నుంచి ఫోను. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే జరిగింది చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు, తేలిగ్గా తీసుకున్నారు. “పోనీ విషయం మార్చెయ్యి. చిలకలపూడి మీ ఇంటి పక్కనే కదా. రోల్డ్‌గోల్డ్ పని మీద రాయి. భోజనానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు.” సాయంత్రానికి నాన్న కూడా అదే మాట. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు అన్నారు. చిలకలపూడి మీద నాకేం కోపం లేదు, మంచి విషయమే, దాని మీద ఎవరైనా రాయాలి కూడా. కానీ నేను ఇక్కడికి వచ్చి వీళ్ళ పద్ధతిని చెడగొట్టాను. దాన్ని అలాగే వదిలేసి అన్నం వేళకి ఇంటికి పోవడం నా వల్ల కాదన్నాను. ఆనర్సు సంగతి ఆలోచించుకో అన్నారు మేడం. ఆలోచించుకున్నాను, కదల్లేదు.

పొద్దున్నే సరంగు దగ్గరికి వెళ్ళాను. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, ఎండకి మాడిన మొహం. ఇంజనుకి డీజిలు పోస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఆఫీసు మనిషిని కాను, కాలేజీ పిల్లని, మీరు ఆగితేనే నా చదువు ముందుకి సాగుతుంది అన్నాను. ఆయన క్యాను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

“మీ నాన్నగారు ఏం చేస్తారండీ?”

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. “బందరులో గవర్నమెంటు ఆఫీసులో పని చేస్తారండి.”

“అద్గదీ” అని మళ్ళీ క్యాను ఎత్తుకున్నాడు.

నాన్నకి ఫోను చేసి రమ్మన్నాను. రానన్నారు. మాటిచ్చిన ప్రకారం బీఈడీలో చేరాలంటే ముందు ఇది సరిగ్గా ఓడిపోవాలి కదా, మధ్యలో ఆపేస్తే ఓడిపోయినట్టు కాదు అన్నాను. ఆ వాదనలో తర్కం ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు గానీ, నాన్న రెండో శనివారం ఇస్త్రీ చొక్కాతో, చేతిలో క్యారేజీతో దిగారు. సరంగు ఆయన్ని పంటు మీద బల్ల మీద కూర్చోబెట్టి, నలుగురూ వింటుండగా అడిగాడు.

“గుమాస్తా గారూ, మీ అమ్మాయి రాసింది ఆఫీసుకి వెళ్తదా వెళ్ళదా, ఒక్క మాట చెప్పండి.”

నాన్న ఆఫీసు పరువు కాపాడతారని భయపడ్డాను. ఆయన చొక్కా మడతలు సవరించుకున్నారు.

“వెళ్తే మాత్రం ఏమవుతుందయ్యా? ఇన్నేళ్ళుగా ఆఫీసులోనే ఉన్నాను. మేం ఏదీ చదవం. సంతకం పెట్టి పక్క బల్లకి తోస్తాం.”

పంటు మీద ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. సరంగు అందరికంటే ఎక్కువ నవ్వాడు. “ఈ మనిషి అబద్ధం చెప్పట్లేదు” అని తేల్చి, నాన్న చేతిలో క్యారేజీ అందుకుని మేకుకి తగిలించాడు. నాన్న ఎందుకో అర్థంకాక నా వైపు చూశారు. వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర నాతో ఒక్క మాటన్నారు: “సరిగ్గా రాయి.” బీఈడీ ఊసు ఎత్తలేదు.

ఆ సాయంత్రం పంటు ఆగింది. ఎండుచేపల సంచీ వాళ్ళ కోసం ఆగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత పని ఆగలేదు. చేపల చెరువుల ఆసాములకి సొంత ఫైబరు పడవలున్నాయి, వాళ్ళు గొడుగు పెట్టరు, పెడతామన్నా సరంగు పెట్టనివ్వడు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి తరఫున అత్తగారే సంచి తగిలిస్తుంది. ఎప్పుడో ఒక రోజు కోడలు తన సంచి తనే తగిలిస్తుంది, సరంగు ఏమీ అనకుండా చూస్తాడు, అంతే, ఆ రోజు నుంచి ఆ పిల్ల లంక మనిషి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎందుకు ఆలస్యమైందో పంటు నడి ఏటికి వచ్చేదాకా చెప్పాలి. నిజం చెప్పాలనేం లేదు, బాగా చెప్పాలి. జనం మధ్యలో ప్రశ్నలు వేస్తారు, వెక్కిరిస్తారు, తీర్పులు చెప్తారు. బురదలో దిగి నెట్టినప్పుడు బూతులు తిడతారు గానీ, ఆ తిట్లు పాటుకీ బురదకీ, ఆలస్యమైన మనిషికి కాదు. ఇవన్నీ రాసుకున్నాను. సరంగుని బాబాయి గారూ అనడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. ఆయన అండీ మానేసి అమ్మాయ్ అనడం కూడా ఆ రోజుల్లోనే.

ఇంకొకటి కూడా రాసుకున్నాను. ఈ పద్ధతిని ఒకసారి ఒక మనిషి చెడగొట్టాడు. ఊరు దాన్ని తన దారిలో సరిచేసుకుంది. ఆయన చేసిందేమిటి, ఊరు ఏం చేసింది అన్నది నాకు వివరంగా తెలుసు. పలువురు విడివిడిగా చెప్పారు, ఆయన కూడా చెప్పాడు.

రాయడానికి గుడివాడ వెళ్ళాను. అత్తయ్య వాళ్ళ మేడ మీద గది ఖాళీ, కింద ప్రింటరుంది, భోజనం వేళకి పిలుస్తారు. ఇంగ్లీషులో రాయాలి. సమస్య ఏమిటంటే అత్తయ్య ప్రతి పేజీ చదువుతుంది. ఎర్ర పెన్ను రిటైరైన రోజున స్కూల్లో ఇచ్చి రావాల్సింది, ఇవ్వలేదు.

“పడవ ఆగింది అనడానికి ఇన్ని మాటలెందుకే? ‘ఆగింది’ అని రాసి చుక్క పెట్టు.”

“ఎందుకాగిందో చెప్పాలి కదా అత్తయ్యా.”

“అయితే అది చెప్పు. దీంట్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పేర్లున్నాయి గానీ పడవ లేదు.”

ఆవిడ అన్నది నిజమే. మొదటి అధ్యాయం చింపి మళ్ళీ రాశాను. మళ్ళీ చింపాను. బయట బస్సుల హారన్లు, కింద కుక్కరు కూత, మెడ నొప్పి, ఉక్కపోత. లేస్తే మళ్ళీ కూర్చోలేనని భయమేసి లేచేదాన్ని కాదు. చివరికి ఐదు అధ్యాయాలు నిలబడ్డాయి. ఐదోది ఆ మనిషి సంగతి. డ్రాఫ్టు పంపిన రెండో రోజు మేడం ఫోను చేశారు. ఆవిడ గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు.

“ఐదో అధ్యాయమేనమ్మా నీ థీసిస్. నమ్మకం విరిగితే ఏమవుతుందో చూపించావు. మిగతాదంతా దానికి ముందుమాట. ఇలాగే బైండింగుకి ఇచ్చెయ్యి.”

ఇవ్వడానికి ముందు లంకలో చదివి వినిపిస్తానన్నాను. టైం లేదన్నారు మేడం. వాళ్ళు చెప్పింది వాళ్ళకి రాని ఇంగ్లీషులో రాసి, వాళ్ళకి తెలియకుండా బైండింగు చేయించడం నాకు దొంగతనంలా అనిపించింది. బస్సెక్కాను.

ఆఖరి ట్రిప్పుకి ఒక సంచీ మిగిలి ఉంది. సంచీ మనిషి వచ్చేలోగా చదవమన్నారు. నేను ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మొదట పెద్ద గొడవైంది. లంక పేరు మార్చానని, మనుషుల పేర్లు తీసేశానని తెలిసి అందరూ నొచ్చుకున్నారు. అందరికంటే సరంగు నొచ్చుకున్నాడు.

“నా పేరు తీసేస్తే నేనని ఎట్టా తెలుస్తది అమ్మాయ్? ఇంత చెప్పింది దేనికి మరి?”

మా చదువులో పేర్లు రాయకూడదని నచ్చజెప్పాను. నచ్చలేదు గానీ ఊరుకున్నారు. కోడళ్ళ సంచుల దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. ఆలస్యమైనవాళ్ళు చెప్పే కథల దగ్గర, ఫలానా వాడి కథ ఎందుకు రాయలేదని అడిగారు. సిస్టరు గారు బడి లైబ్రరీకి ఒక కాపీ ఇవ్వాల్సిందేనన్నారు, సరేనన్నాను. నేనలా గాలిలో తేలుతూ ఐదో అధ్యాయం మొదలుపెట్టాను. అందులో ఆ మనిషి పేరు మార్చాను, పని మార్చాను, ఇల్లు మార్చాను. రెండో వాక్యానికే పంటు మీద మాట ఆగిపోయింది. అందరూ ఒక్క వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నారు. ఆ ఒక్క వైపున ఆయన కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళలేదు, తల వంచుకుని కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. నేను మిగతాది చదవలేదు. సంచీ మనిషి వచ్చాడు, తాడు విప్పారు.

పొద్దున సరంగు నన్ను పక్కకి పిలిచాడు.

“అది తీసెయ్యి అమ్మాయ్.”

“అబద్ధం రాశానా బాబాయి గారూ?”

“నిజమే రాశావు. మేం అది మర్చిపోయాం. మర్చిపోవడానికి చాలా కష్టపడ్డాం. నీ బుక్కు మర్చిపోదు కదా.”

నేను తలూపలేదు. నిజం చెప్పాలంటే నాకు కోపమొచ్చింది. తన పేరు రాయలేదని అలిగినవాడే ఇప్పుడు నా అధ్యాయం తీసెయ్యమంటున్నాడు. ఇన్ని నెలలు బురద తొక్కి, మెడ పట్టేసేలా కూర్చుని రాసింది, మేడం మెచ్చుకున్నది ఒక్కటే, దాన్నే తీసెయ్యాలా? చల్లపల్లి బస్టాండులో టీ తాగుతూ మేడంకి ఫోను చేశాను. “పేరు మార్చావు కదా, ఇంకేం కావాలి?” అన్నారు. పేరు మార్చినా లంకలో తెలియనివాళ్ళు లేరన్నాను. అది లేకుండా ఇస్తే మార్కుల మాట తను చెప్పలేనన్నారు, ఆనర్సు నిలబడుతుందో లేదో కూడా చెప్పలేనన్నారు. గుడివాడలో అత్తయ్య అన్నం పెడుతూ, “చదివేదెవరే, విశాఖలో నలుగురు మేష్టార్లు. ఉంచు” అంది.

నలుగురే అయితే ఉంచేదాన్నేమో. కానీ బడి లైబ్రరీకి కాపీ ఇస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ మనిషి పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. రెండేళ్ళు పోతే ఇంగ్లీషు వాచకం కూడబలుక్కుని చదివే ఈడొస్తుంది. వాళ్ళ నాన్న గురించి ఊరు చెప్పకుండా దాచినదాన్ని, బందరు నుంచి వచ్చిన నేను అట్ట వేసి బీరువాలో పెట్టి వాళ్ళకి చెప్పాలి. ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు. మేడ మీదకి వెళ్ళి ఐదో అధ్యాయం తీసేశాను. ఫైలు కూడా చెరిపేశాను, ఉంటే మళ్ళీ కలుపుతానని నా మీద నాకే అనుమానం.

అది పోయాక మిగిలింది కుంటి థీసిస్. నాలుగు అధ్యాయాలూ ఐదోదాని వైపు చూస్తూ రాసినవి. వాటిని మళ్ళీ వాటి కాళ్ళ మీద నిలబెట్టాలి. గడువు దగ్గరపడింది. ఆలస్యమైనవాళ్ళు చెప్పే కథల్ని తీసుకుని కొత్త అధ్యాయం మొదలుపెట్టాను. ఆగినందుకు వాళ్ళు ఊరికి చెల్లించేది ఆ కథే అని రాశాను. అత్తయ్య ఎందుకని అడగలేదు, ఎర్ర పెన్ను మాత్రం పట్టుకుని నా పక్కనే కూర్చుంది. నేను పేజీ తీయడం, ఆవిడ దిద్దడం, నేను మళ్ళీ తీయడం. ఒక పేరా దగ్గర ఇద్దరం అరుచుకున్నాం కూడా. బైండింగు వాసన పోని పుస్తకం మేడం బల్ల మీద పెట్టినప్పుడు ఆవిడ విషయసూచిక చూసి, నన్ను చూసి, పుస్తకం సొరుగులో పెట్టుకున్నారు.

వైవాకి బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. థీసిస్ శ్రద్ధగా చదివారు, అది తెలుస్తూనే ఉంది. కోడళ్ళ సంచుల గురించి అడిగారు, సంతోషించారు. తర్వాత వెనక్కి వాలి కూర్చున్నారు.

“ఇంత నమ్మకం మీద నడిచే పద్ధతిని ఎప్పుడో ఎవరో ఒకరు చెడగొట్టే ఉంటారు. అప్పుడు ఊరేం చేసింది? దాని గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. మీకు తెలియదా, అడగడం మర్చిపోయారా?”

తెలియదంటే సరిపోయేది. అడగలేదంటే ఇంకా సులువు. కానీ నా పనిని నేను తక్కువ చేసుకోలేకపోయాను.

“తెలుసండి. చెప్పనండి.”

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పెద్దాయన కాసేపు ఎదురుచూశారు. నేను చెప్తాననుకున్నారు.

“అది ఉంటే ఇది చాలా మంచి థీసిస్ అయ్యేది, తెలుసా?”

“తెలుసండి.”

ఆయన కాయితం మీద ఏదో రాసుకున్నారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం ఫలితం చెప్పారు. ఆనర్సు వచ్చింది. మార్కులు మాత్రం బొటాబొటీ. ఇంకొంచెం తగ్గితే బీఈడీలో తేలేదాన్ని.

నాన్నకి చెప్పాక సరంగుకి ఫోను చేశాను. ఆఖరి ట్రిప్పు వేళ, వెనకాల జనం సందడి వినపడుతోంది. పాసయ్యానన్నాను. ఆయన అందరికీ వినపడేలా ఆ మాట చెప్పాడు. మార్కులు ఎట్టా వచ్చినయ్యని అడిగితే, తగ్గాయి బాబాయి గారూ అని నవ్వేశాను. ఫోను ఇంకెవరి చేతికో మారింది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను.

“అమ్మా, మార్కులు తగ్గింది నా మూలానేనా?”

“కాదండి” అన్నాను. “మ్యాపు సరిగ్గా గియ్యలేదన్నారు.”

ఆయన చాలా బాధపడ్డాడు. “అయ్యో, మమ్మల్ని అడగాల్సింది కదమ్మా. ఏ పాయ ఎటు పోయిద్దో కూర్చోబెట్టి గీయించేవాణ్ణి” అన్నాడు.